బొటనవేలి తాడు

డిసెంబరు మొదటి వారం. మధ్యాహ్నం రెండుంపావు. ట్రక్కు వాగు ఒడ్డున ఆగింది. రోడ్డు కూడా అక్కడితో ఆగిపోయింది.

మేం కాపలా కాయాల్సింది ఆ ఆగిపోయిన రోడ్డుకే. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోతూ, మెయిన్ రోడ్డు వదిలి, అడవిలోకి పద్నాలుగు కిలోమీటర్లు. వాగు మీద కల్వర్టు కడుతున్నారు. కట్టేవాళ్ళకు రక్షణగా ఒక ప్లటూన్. ఇరవై ఎనిమిది మందిమి, నాలుగు టెంట్లు. నూట పది రోజులని ఆర్డరు. రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులవి. ఆ అడవిలో రోడ్డు వేయడమంటే తుపాకుల మధ్య వేయడమే.

ఇప్పుడు మా ఊళ్ళో నన్ను కూర్చోబెట్టి అందరూ అడిగేది ఒకటే. తుపాకులు పేలాయా? నక్సలైట్లు ఎంతమంది వచ్చారు? ఆ నూట పది రోజుల్లో మా మీదికి ఒక్క తూటా రాలేదు. మమ్మల్ని చంపబోయింది ఇంకొకటి. దాన్ని టెంట్‌లోకి రానిచ్చింది నేనే. అది చెబుతాను.

నేను హవల్దార్‌ని. అప్పటికి పదహారేళ్ళ సర్వీసు. సొంతూరు కల్లూరు పక్కన. వరి, మిర్చి పండే నేల. జిల్లా ఒకటే గానీ అడవి మాకు చుట్టం కాదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసీ నోరు జారాను.

బయలుదేరిన రోజు పొద్దున బేస్‌లో సామాను ఎక్కిస్తున్నారు. ముళ్ళతీగ చుట్టలు, ఇసుక సంచులు, నీళ్ళ డబ్బాలు. ట్రక్కులో చోటు చాలడం లేదు. మూలన దూది రజాయిల కట్టలున్నాయి. ఒక్కోటి నాలుగు కిలోలు. ప్లటూన్ కమాండర్ సాబ్ నావైపు తిరిగాడు.

“మీ జిల్లాయే కదా. చలి ఎంత ఉంటుంది?”

“మా ఖమ్మంలో చలేంటి సాబ్? మాకున్నవి రెండే కాలాలు. ఎండాకాలం, ముదురు ఎండాకాలం.”

అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, మా లాంగ్రీ. లాంగ్రీ అంటే ప్లటూన్ వంటవాడు. టేకులపల్లి దగ్గర అడవి పల్లె వాడిది. నా చెవి దగ్గరికొచ్చి అన్నాడు.

“అన్నా, అడివిల గట్లుండదే. వాగు పక్కనయితే ఇగం పడతది. బొక్కలు కొరుకుతది.”

“నువ్వు గంటె తిప్పు తమ్మీ. చలి సంగతి నాకు చెప్తున్నవా?”

ఉత్తరాన మంచు కొండల్లో రెండు చలికాలాలు చేసి వచ్చాను. ఆ గర్వం నెత్తి మీద టోపీలా ఉండేది. రజాయిలు బేస్‌లో ఉండిపోయాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచొచ్చి ఇంట ఓడాను.

మనిషికి మిగిలినవి: ఒక రబ్బరు షీటు, ఒక జంపఖానా, రెండు పల్చటి కంబళ్ళు, ఒక జెర్సీ.

టెంట్లు వాగు ఇసుక మీదే వేయాలి, కల్వర్టుకు ఇరవై గజాల లోపు. అది ఆర్డరు. చుట్టూ టేకు, ఇప్ప, వెదురు. పొద్దు అయిదూ నలభైకి గుట్ట వెనక దిగేది. ఏడింటికి కంబళి పైపొర చల్లబడేది. పదింటికి తడిసేది. రెండింటికి టెంటు గుడ్డ లోపలి వైపు నుంచి చుక్కలు మొహం మీద పడేవి. వాన కాదు. ఏడుగురి ఊపిరి పైకి పోయి, చల్లటి గుడ్డకు తగిలి, నీళ్ళయి మా మీదికే దిగేది. కింద నుంచి ఇసుక లాగేది. ఇటు తిరిగితే అటు నడుం గడ్డకట్టేది.

కల్వర్టు సూపర్వైజర్ దగ్గర కాంక్రీటు పని కోసం ఒక థర్మామీటరు ఉండేది. మొదటి తెల్లవారుజామున అయిదింటికి చూశాను. తొమ్మిది డిగ్రీలు. మంచు కొండల్లో ఉన్నవాడికి తొమ్మిదంటే నవ్వులాట. తడి కంబళిలో పడుకుని నవ్వమనండి, చూస్తాను. కొండల మీద మాకు దూరి పడుకోవడానికి దూది సంచులుండేవి, స్టవ్వులుండేవి. ఇక్కడ నా మాట ఒక్కటే ఉంది, అది కప్పుకోవడానికి పనికిరాలేదు.

ఆ పొద్దున ఆపరేటర్ రేడియోలో బేస్‌తో మాట్లాడుతుంటే విన్నాను. కేరళ సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళవాడు. హిందీలో మాట్లాడేవాడు. నేను తెలుగులో చెబుతున్నాను.

“అంతా కుశలమా? ఓవర్.”

“అంతా కుశలం. ఉస్తాద్ చెప్పినట్టే చలి లేదు. ఇక్కడున్నది ఇంకేదో. దాని పేరు కనుక్కుని చెబుతాం. ఓవర్.”

ఉస్తాద్ అంటే నేనే. కోపం రాలేదు. సిగ్గేసింది.

అయిదో రోజుకు నవ్వులు పోయాయి. ఎవరి కళ్ళు చూసినా ఎర్రగా, గాజుముక్కల్లా. అన్నం దగ్గర తగాదాలు. సాబ్ పొద్దున రౌండ్లో ఒక సెంట్రీ నిలబడే కునుకు తీస్తుండగా పట్టుకున్నాడు. రైఫిల్ చేతిలో ఉంది, వేలు ఉండకూడని చోట ఉంది. సాబ్ వాణ్ణి ఏమీ అనలేదు. నన్ను పిలిచాడు.

“నిద్ర లేని కాపలా కాపలా కాదు. ఇంకో వారానికి వీడు మనలోనే ఒకణ్ణి కాలుస్తాడు. రజాయిలు వేరే కంపెనీకి వెళ్ళిపోయాయట. మళ్ళీ రావడానికి మూడు వారాలు.”

“జీ సాబ్.”

“ఈ చలిని తెచ్చింది నువ్వు. పంపించేదీ నువ్వే.”

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆ మాట అన్నవాడు వాగు ఇసుక మీద ఒక్క రాత్రి పడుకుంటే రెండో సగం కొట్టేసేవాడు.

దారి చూపించినవాడు వాగు అవతలి పల్లె ముసలాయన. కోయవాడు. కట్టెల మోపుతో రోజూ మా ముందు నుంచే పోయేవాడు. ఆ రోజు మోపు దించి, మా టెంట్ల వంక చాలాసేపు చూశాడు.

“ఏంది తాతా, గట్ల చూస్తున్నవ్?” అన్నాను.

“గీ ఇసుక మీద పండుకుంటున్నరా సారూ?”

“అవ్.”

“గొడ్లను గూడ ఈడ కట్టెయ్యం మేము.”

అప్పుడు నా మొహం ఎలా పెట్టానో తెలియదు. ఆయన మాత్రం నవ్వలేదు. కూర్చుని, ఒక్కొక్కటీ వేలితో ఇసుక మీద గీసి చెప్పాడు. కింద జానెడు ఎత్తున రాళ్ళు పెట్టాలి. వాటి మీద వెదురు తడక. తడక మీద మోకాలి లోతు వరిగడ్డి. నాలుగు రోజులకోసారి గడ్డి ఎండలో పరవాలి. పైన ఎంత కప్పుకున్నా లాభం లేదు, కింద ఉండాలి దుప్పటి.

“ఇంకో మాట సారూ. గుడ్డ ఇల్లు గదా. తలకాడ కొంచెం తెరిచి పెట్టుకోండ్రి. మీ ఊపిరి బయటికి పోవాలె. లేకుంటే అదే నీళ్ళయి మీ మీద పడతది.”

అన్నీ విన్నాను. చివరిది తప్ప అన్నీ చేశాను.

గడ్డి ఇచ్చినందుకు పల్లెవాళ్ళకు ఉప్పు ప్యాకెట్లు, సబ్బులు ఇచ్చాం. కల్వర్టు దగ్గర ఖాళీ సిమెంటు సంచులు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని వాగులో ఉతికి, ఆరబెట్టి, గడ్డి కూరి, నోరు కుట్టాం. మనిషికి నాలుగు సంచులు, ఒక పరుపు. కొండల మీద నేర్చుకున్నది నేను కలిపాను. ఒక జత మేజోళ్ళు నిద్రకే, పగలు తొడగకూడదు. చెమట బనీనుతో పడుకోకూడదు. పడుకునే ముందు గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క. నీళ్ళసీసాలో వేణ్ణీళ్ళు పోసి, బిరడా గట్టిగా బిగించి, మేజోడులో తొడిగి, తొడల మధ్య పెట్టుకోవాలి. ఒంటేలు ఆపుకుని పడుకోకూడదు. సగం చలి అదే. ఇది చెప్పినప్పుడు అందరూ నవ్వారు. వారం తర్వాత అది మొదటి నవ్వు.

పదో రోజుకు మా టెంట్‌లో గురకలు మొదలయ్యాయి. మెలకువగా పడుకుని విన్నాను. ఆరుగురు, ఆరు రకాలు. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగే రకం కాదు. మంచు కారుతోందని టెంటు మీద టార్పాలిన్ బిగించాను. అంచుల కింద నుంచి గాలి వస్తోందని నాలుగు వైపులా ఇసుక కట్ట పోశాను. తలకాడ ఉన్న కిటికీ ముక్కకు గోనె కుట్టాను. చివరికి గాలి ఆడే చోటు ఒక్కటే మిగిలింది, తూర్పు వైపు గుడ్డ తలుపు. దానికి పై నుంచి కింది దాకా ఎనిమిది కంతలు, మధ్యలో తాడు. బూటు లేసులా బిగించుకోవచ్చు. లాంగ్రీ చూసి, “డబ్బా లెక్క చేసినవ్ గదనే” అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఇంకో తాడు సంగతి చెప్పాలి. సెంట్రీ పోస్టు కల్వర్టు దిబ్బ మీద ఉండేది. రాత్రి కేకలు వేయకూడదు, టార్చి వెలిగించకూడదు. డ్యూటీ మార్చుకోవడానికి సన్నటి నైలాను తాడు ఒకటి పోస్టు నుంచి మా టెంట్లోకి లాగాం. దాని కొస తర్వాత డ్యూటీ ఎవరిదో వాడి కాలి బొటనవేలికి కట్టుకోవాలి. పోస్టు నుంచి రెండుసార్లు లాగితే లేవమని. వాడు రెండుసార్లు కాలు జాడిస్తే లేచానని. మొదట్లో ఎగతాళి చేశారు. తర్వాత ఆ తాడు లేకపోతే నిద్ర పట్టదనే దాకా వచ్చారు.

డిసెంబరు ఆఖరి వారం. రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు తెరిపిచ్చింది. తెరిపిచ్చాక చలి ముసురుకంటే ఎక్కువైంది. ఆ సాయంత్రం ఆరింటికి ఆపరేటర్‌కు జ్వరం. పళ్ళు టకటకలాడుతున్నాయి. స్పేర్ బ్యాటరీ చలికి దిగిపోతుందని దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని పడుకునే అలవాటు వాడికి. ఆ రోజు బ్యాటరీకి వాడి వేడి తగిలిందో, వాడికే బ్యాటరీ ఆసరా అయిందో. మాత్ర వేశాం. బేస్‌ను పిలిచి బండి కావాలన్నాం.

“రోడ్డు తనిఖీ అయ్యాకే. పొద్దున ఏడున్నర. ఓవర్.”

అప్పట్లో ఆ రోడ్డు మీద ముందు మనుషులు నడిచి, మందుపాతర లేదని చూసి, ఆ తర్వాతే బండి. అందులో వాదన లేదు.

ఎనిమిదిన్నరకు లాంగ్రీ వచ్చాడు. నూనె డబ్బాను సగానికి కోసి చేసిన కుంపటి వాడి చేతిలో. నిండా ఎర్రటి బొగ్గులు.

“అన్నా, జర సేపు పెడ్తనే. వాని కాళ్ళు చూడు, ఐసుగడ్డలయినయ్.”

టెంట్‌లో నిప్పు కూడదు. ఆ ఆర్డరు బోర్డు మీద రాసింది నా చెయ్యే. ఆపరేటర్ వైపు చూశాను. వాళ్ళక్క అల్లి పంపిన ఎర్ర ఊలు మేజోళ్ళు తొడుక్కుని ముడుచుకుని ఉన్నాడు. కుడి కాలి మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. వేలు బయటికొచ్చి వణుకుతోంది.

“ఒక్క గంట. తలుపు తెరిచి ఉండాలె. తర్వాత బయటికి తీస్కపో.”

“సరేనే.”

ఆ వేడికి మేమంతా అటువైపు తిరిగాం.  ఆపరేటర్ లేచి, తన డ్యూటీ నాలుగింటికని గుర్తు చేసి, తాడు కొస తన బొటనవేలికి తనే కట్టుకున్నాడు.

“ఇయ్యాల నీకు డ్యూటీ లేదు. పడుకో,” అన్నాను.

“నా డ్యూటీ ఇంకొకరు చేస్తే నాకు నిద్ర పట్టదు ఉస్తాద్. లాగండి, లేస్తాను.”

సరే అన్నాను గానీ, వాడి డ్యూటీ కూడా నేనే చేద్దామని మనసులో అనుకున్నాను. రెండు నుంచి నాలుగు నాది. ఆరు దాకా నేనే ఉంటే సరిపోతుంది. తాడు ముట్టుకోను.

రెండు దాకా డ్యూటీ పక్క టెంటు వాళ్ళది; నేను తాడు లేకుండానే ఒంటిగంటా యాభైకి లేచాను. కుంపటి ఇంకా అక్కడే, ఆపరేటర్ కాళ్ళ దగ్గర. పైన తెల్లటి బూడిద. లాంగ్రీ బద్ధకించి వదిలేశాడు, నిప్పు దానంతటదే చచ్చిపోయిందనుకున్నాను. చెయ్యి పెట్టి చూడలేదు. మా అమ్మ రాత్రిళ్ళు పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేది, పొద్దున ఊదితే ఎర్రగా లేచేవి. నివురుగప్పిన నిప్పు అని నేను జవాన్లకు ఎన్నిసార్లు ఉపన్యాసం ఇచ్చానో. కళ్ళ ముందు ఉంటే పోల్చుకోలేదు.

తలుపు గుడ్డ బెత్తెడు తెరుచుకుని ఉంది. చలిగాలి నేరుగా ఆపరేటర్ మీద పడుతోంది. నా రెండో కంబళి వాడి మీద వేశాను. బయటికొచ్చి తలుపు మూశాను. ఎనిమిది కంతల్లోనూ తాడు దూర్చి, బూటు లేసులా బిగించి, ముడి వేశాను. హాయిగా పడుకోండ్రా అనుకున్నాను. అదే మాట అనుకున్నాను.

పోస్టులో నాతో రెండో సెంట్రీ ఉన్నాడు, పక్క టెంటు వాడు. ఇద్దరం చెరో దిక్కు. ఆకాశం కడిగినట్టు ఉంది. మూడింటికి పాదాలు తెలియడం మానేశాయి. మూడున్నరకు రైఫిల్ ఇనుము చేతి తొడుగులోంచి కొరకసాగింది. నా కంబళి ఇచ్చి వచ్చాను కదా, పోయి పడుకున్నా ఇక నిద్ర రాదు. టెంటు వైపు చూశాను. లోపల ఆరుగురు వెచ్చగా. వాళ్ళ కోసం మూడు వారాలు గడ్డి మోసింది నేను. సంచులు కుట్టింది నేను. ఇక్కడ కట్టెలా నిలబడింది నేను.

నాలుగైంది. నాలాంటివాడు ఇంకో రెండు గంటలు ఓర్చుకోవాలి. ఓర్చుకోలేకపోయాను. నిజం చెబుతున్నాను, వాడి మీద నాకు కోపం వచ్చింది. జ్వరమైతే ఏం, మాకు జ్వరాలు రాలేదా? డ్యూటీ చేస్తానన్నాడు కదా, చెయ్యనీ. తాడు అందుకుని రెండుసార్లు లాగాను.

జవాబు లేదు.

మళ్ళీ లాగాను, గట్టిగా. తాడు కొంచెం వచ్చి ఆగింది. వదిలితే ఉన్నచోటే ఉంది. గాఢనిద్రలో ఉన్న మనిషి కాలు కూడా చిరాకు పడుతుంది. వెనక్కి లాక్కుంటుంది. ఇది లాక్కోలేదు. గుమ్మానికి కట్టిన తాడు లాగుతున్నట్టుంది. అప్పుడు బూడిద గుర్తొచ్చింది. బూడిద, డబ్బా లాంటి టెంటు, ఎనిమిది కంతలు, అన్నీ ఒక్కసారే.

“నువ్వు చూస్తూ ఉండు,” అని రెండో సెంట్రీకి చెప్పి పరిగెత్తాను.

ముడి మంచుకు నాని బిగుసుకుపోయింది. వేళ్ళు పనిచెయ్యలేదు. పళ్ళతో లాగాను. చివరికి కత్తి తీసి కంతల్లోని తాడంతా కోశాను.

లోపల వెచ్చగా ఉంది. ఆ అడవిలో నేను ఎన్నడూ ఎరగనంత వెచ్చగా. పొగ లేదు, వాసన లేదు. ఆరుగురూ కంబళ్ళు తన్నేసి, చేతులు చాచి, చంటిపిల్లల్లా పడుకుని ఉన్నారు. నేను వాళ్ళ కోసం కోరుకున్న నిద్ర సరిగ్గా అదే. ఎవరూ గురక పెట్టడం లేదు.

అరిచాను. కూడదన్న కేక పెట్టాను. ఒక్కొక్కణ్ణి చంకల కింద పట్టి ఈడ్చి, ఇసుక మీద పడేశాను. అదే ఇసుక. మూడు వారాలుగా దాని మీద వీపు ఆనకూడదని యుద్ధం చేశాను. ఇప్పుడు చొక్కా గుండీలు తెంచి, ఆ ఇసుక మీదే, ఆ గాలికే వాళ్ళను ఒప్పజెప్పాను. సాబ్, పక్క టెంట్లవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకడు వాంతి చేసుకున్నాడు. ఒకడు తల పట్టుకుని నన్ను బూతులు తిట్టాడు. ఆ బూతు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పది నిమిషాల్లో అయిదుగురు కూర్చున్నారు.

ఆపరేటర్ లేవలేదు. ఊపిరి ఉంది, చెవి పెడితే గానీ తెలియనంత. సెట్ పట్టుకోవాల్సినవాడే పడి ఉన్నాడు కాబట్టి సెట్ నేనే పట్టుకున్నాను.

“ఒకరికి స్పృహ లేదు. బొగ్గు గాలి పీల్చాడు. బండి ఇప్పుడే కావాలి. ఓవర్.”

“రోడ్డు తనిఖీ లేకుండా కదలలేం. తొందరగా మొదలుపెడతాం. వాడికి గాలి ఆడనివ్వండి. ఓవర్.”

“గాలికి ఏం కొదవ లేదు. ఓవర్,” అన్నాను. 

లాంగ్రీ వాడి కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దుతూ ఏడుస్తున్నాడు.

“బయట పడేద్దామనే వచ్చిన్నే. మంచిగ పండుకుండు, మళ్ళ వణుకుతడని నివురు కప్పి పెట్టిన. పొద్దుగాల దాక వెచ్చగుంటదని. మా అమ్మ గిట్లనే చేస్తది. తలుపు తెరిచే ఉంచిన్నే, ఒట్టు. ఎవడు మూసిండో ఏమో.”

 నేను ఆపరేటర్ నోట్లోకి ఊపిరి ఊదుతున్నాను. మాట్లాడకపోవడానికి ఆ సాకు దొరికింది.

సాబ్ టార్చి వెలిగించాడు. ఆ క్యాంపులో రాత్రి టార్చి వెలగడం అదే మొదలు, అదే ఆఖరు. వెలుగు మొహం మీద కాదు, ఎందుకో కాళ్ళ మీద పడింది. తెల్లటి ఇసుక. ఎర్ర మేజోళ్ళు. నైలాను తాడు ఇంకా కట్టే ఉంది. చిల్లులోంచి బొటనవేలు, నేను గట్టిగా లాగిన చోట తాడు దిగబడి, చుట్టూ తెల్లబడి. అందరం ఆ వేలినే చూస్తున్నాం. దేవుళ్ళందరికీ మొక్కాను, పేర్లు తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ.

నాలుగూ నలభై మూడుకు వేలు కదిలింది. కొంచెమే. తర్వాత వెనక్కి ముడుచుకుంది, చిరాగ్గా, నిద్ర చెడగొట్టినవాణ్ణి తిట్టినట్టు. లాంగ్రీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకున్నాడు.

బండి ఏడుకు ముందే వచ్చింది. భద్రాచలం దవాఖానాకు పోయాడు. తొమ్మిదో రోజు తిరిగొచ్చాడు, చిక్కి, నవ్వుతూ. అదే బండిలో రజాయిలు కూడా వచ్చాయి.

ఈలోగా సాబ్ విచారించాడు. కుంపటి తనదేనని లాంగ్రీ ఒప్పుకున్నాడు. పెట్టమన్నది నేనేనని నేను చెప్పాను.

“తలుపు?” అన్నాడు సాబ్.

“నేనే కట్టాను సాబ్. ఎనిమిది కంతలూ.”

సాబ్ రిపోర్టు కాగితం ముందుకు లాక్కున్నాడు.

“కాగితం మీద రాయాల్సింది రాస్తాను. నీ శిక్ష నీకు వస్తుంది. ఆపరేటర్‌కు మాత్రం చెప్పకు. ఇంకా ఎనభై రోజులు వాడు నీ పక్కన కళ్ళు మూసుకోవాలి.”

శిక్ష వచ్చింది, పోయింది. అది లెక్కలోది కాదు. ఆపరేటర్ వచ్చిన సాయంత్రమే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అంతా చెప్పారు ఉస్తాద్. మీరు తాడు లాగకపోతే నేను లేను.”

ఆ ఎనభై రోజులు రజాయి కప్పుకుని పడుకున్నాను. మెత్తటి పరుపు, పొడి మేజోళ్ళు, వేణ్ణీళ్ళ సీసా. అంత సుఖంగా టెంట్‌లో ఎవరూ పడుకుని ఉండరు. నిద్ర మాత్రం రాలేదు. తలుపు తెరిచి ఉందా అని లేచేవాణ్ణి. మళ్ళీ లేచేవాణ్ణి. నేను వాళ్ళ మీద ప్రేమతో చేసిన పని చంపబోయింది. ఓర్వలేక చేసిన పని బతికించింది. ఈ రెంటినీ ఎటు తిప్పి పేర్చినా నాకు కుదరలేదు, ఇప్పటికీ కుదరదు.

మార్చి మూడో వారంలో దిగిపోయాం. ఇప్పపూలు రాలుతున్నాయి. అప్పటికే ఎండ ముదిరింది. రజాయిల కట్టలు మోస్తూ జవాన్లు చెమటలు కక్కారు. వాగు అవతల ముసలాయన మోపు నెత్తిన పెట్టుకుని నిలబడి చూస్తున్నాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆయనా ఎత్తాడు. సెలవు మీద కల్లూరు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది.

రిటైరై చాలా ఏళ్ళైంది. ప్రతి డిసెంబరులోనూ కేరళ నుంచి ఫోన్ వస్తుంది. వాడికిప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. “ఉస్తాద్, ఆ రోజు మీరు తాడు లాగకపోతే” అని మొదలుపెడతాడు. ఎనిమిది కంతల సంగతి ఈసారి చెప్పేద్దామని ఫోన్ ఎత్తుతాను. వెనక నుంచి వాడి పిల్లల నవ్వులు వినిపిస్తాయి. జాగ్రత్త నాయనా అని పెట్టేస్తాను.

చలికాలంలో మా ఇంట్లో కిటికీ తెరిచే ఉంటుంది. నాకు నాలుగింటికి మెలకువ వస్తుంది. మా ఆవిడ, కొడుకు, కోడలు, మనవడు వరండా గదిలో వరసగా పడుకుని ఉంటారు. మెల్లగా వెళ్ళి వాళ్ళ కాళ్ళ దగ్గర దుప్పటి ఎత్తుతాను. మా ఆవిడ కళ్ళు తెరవకుండానే అంటుంది.

“మళ్ళ మొదలుపెట్టినవా? బతికే ఉన్నం గానీ, పోయి పండుకో.”

పోను. మనవడి బొటనవేలిని రెండు వేళ్ళతో పట్టుకుని రెండుసార్లు మెల్లగా లాగుతాను. వాడు చిరాగ్గా కాలు వెనక్కి లాక్కునేదాకా అక్కడే నిలబడతాను.